చెంప కింది గొట్టం

"మీ సార్ ఎలా పడుకుని ఉన్నారో చెప్పు ఫహీం," అంది షబ్నం. "ఎలా పోయారో అందరూ చెప్పారు. ఎలా పడుకున్నారో ఒక్కరూ చెప్పలేదు."

బాపట్లలో తీరగాలి పరిశోధన సంస్థ వారి అతిథిగృహం అది. తలుపు బయట కాపలా మనిషి ఉన్నాడు. మంచం అంచున కూర్చున్న ఫహీం తలెత్తి ఎదుటి మనిషి చేతుల వైపు చూశాడు. అరచేతుల్లో గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. పెళ్లయి నెల తిరగని డిటెక్టివ్ తనను ఒడ్డున పడేస్తుందా అన్న అనుమానం అతని మొహంలో దాగలేదు. షబ్నంకి కోపం రాలేదు. ఆ గోరింటాకు చూసినప్పుడల్లా ఆమెకే నవ్వొస్తోంది. తెనాలిలో ఫ్రిజ్‌ల రిపేరు షాపు మీది గది ఆమె ఆఫీసు. ఆ గది అద్దెకిచ్చిన అక్బర్‌నే చివరికి ఆమె కట్టుకుంది. పొద్దున ఆమె బండెక్కుతుంటే అతను వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, హెల్మెట్లో వేడివేడి గారెల పొట్లం పడేసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వెళ్లిపోయాడు. దారి పొడుగునా ఆ వాసనే. చావు సంగతి ఆలోచించడానికి ఈపూట ఆమె చాలా కష్టపడాల్సి వచ్చింది.

కానీ చావు చావే. చెరుకుపల్లి దాటి రేపల్లె వైపు వెళితే పొలాల మధ్య ఈ సంస్థకు ఒక ఇనుప గది ఉంది. ఆ పక్కల గాలిలో ఏ వాయువు ఎంతుందో రాత్రింబవళ్లు కొలిచే యంత్రం అందులో ఉంటుంది. తెల్లవారుజామున గాలి కదలక నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, ఎక్కడి కాలుష్యం అక్కడే దొరుకుతుందని, సీనియర్ అసిస్టెంట్ సుందరయ్య అప్పుడప్పుడూ ఆ గదిలోనే చాప వేసుకునేవాడు. మొన్న ఉదయం చాప మీదే చనిపోయి కనిపించాడు. ఒంటి మీద గీత లేదు. గది వెనక బోనులో ఉండే రెండు నైట్రోజన్ సిలిండర్లూ ఖాళీ. వాటినుంచి గోడలోగుండా వచ్చే పైపుకు లోపల ఉన్న జాయింటు విప్పేసి ఉంది. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిండితే, నిద్రలో ఉన్నవాడికి తనకు ఊపిరాడటం లేదన్న సంగతైనా తెలియదు.

జాయింట్లు బిగించేది ఫహీం. చెల్లెలి నిశ్చితార్థానికి సెలవు ఇవ్వలేదని సుందరయ్యతో అంతకుముందే గొడవపడ్డదీ ఫహీమే. సంస్థ పెద్దలు విచారణకు పెట్టిన రిటైర్డ్ పోలీసాఫీసర్ వీరాస్వామికి అంతకంటే అక్కర్లేకపోయింది. ఫహీం ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు, ఈ సాయంత్రం తన రిపోర్టుతో సహా అతన్ని పోలీసులకు అప్పగిస్తానన్నాడు. ఫహీం తల్లి జైనబ్ బీ నిన్న షబ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని లేవనంది. ఒకసారి లోపల పడితే బిడ్డ ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికి తెలుసు బేటీ, అని ఒక్కటే మాట.

"పక్కకి తిరిగి పడుకున్నారాపా," అన్నాడు ఫహీం ఎట్టకేలకు. "యంత్రం వైపు మొహం. లేపుదామని భుజం పట్టుకుంటే చెంప మీద గుండ్రంగా అచ్చు పడి ఉంది. గొట్టం అచ్చు."

"ఏ గొట్టం?"

"యంత్రం గొట్టం. గోడ పైపుకి తగిలించి ఉండేది. ఆ జాయింటు ఎవరో విప్పారు కదా, ఇది కింద పడి సార్ చెంప కిందికి పోయింది."

షబ్నం ఆ గొట్టం ఎందుకు అని అడిగితే ఫహీం ఓపిగ్గా చెప్పాడు. రోజంతా యంత్రం బయట స్తంభం మీదినుంచి గాలి పీలుస్తుంది. తెల్లవారుజామున మాత్రం దానంతటదే మరో వాల్వు తెరుచుకుని, ఈ గొట్టంగుండా సిలిండర్ గాలి తీసుకుంటుంది. తెలిసిన గాలిని కొలిచి తన లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు.

"అయితే మొన్న తెల్లవారుజామున యంత్రం సిలిండర్ గాలి పీల్చలేదు," అంది షబ్నం నెమ్మదిగా. "మీ సార్ మొహం దగ్గరి గాలి పీల్చింది."

ఫహీం తల అడ్డంగా ఊపాడు. "పీల్చినా ఏం లాభమాపా. క్యాలిబ్రేషన్ టైములో వచ్చింది బయటి గాలి కాదు కదా అని ఆఫీసుకి చేరకముందే కొట్టేస్తుంది. దాన్ని ఎవరూ చూడరు."

"ఎవరూ చూడరని ఇక్కడ అందరికీ తెలుసా?"

"అందరికీ."

"యంత్రంలో కూడా ఉండదా?"

"అక్కడుంటది," అన్నాడు ఫహీం. అప్పుడు మొదటిసారి అతను నిటారుగా కూర్చున్నాడు.

* * *

ల్యాబ్ అధికారి జెన్నిఫర్ జీపులో షబ్నంని పొలాల్లోకి తీసుకెళ్లింది. నలభై దాటిన మనిషి, రేపల్లె ఆవిడ. గొంతు బొంగురుపోయి ఉంది. డిసెంబరు కదా, చర్చి వాళ్లతో కలిసి ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడుతూ తెల్లవార్లూ తిరుగుతున్నామని చెప్పింది. సుందరయ్య పోయిన తెల్లవారుజామున కూడా ఆ గుంపులోనే ఉందట. ఆ సంగతి షబ్నం అడగకముందే చెప్పింది. అడగకముందే చెప్పినందుకు షబ్నం దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

మధ్యాహ్నం దాటినా మబ్బు విడవలేదు. ఇనుప గదికి కిటికీ లేదు. ఒకే తలుపు, దానికి బయటివైపు బరువైన గడియ. గుమ్మం దగ్గర సుందరయ్య చెప్పులు ఇంకా అలాగే జతగా ఉన్నాయి. వాటిని తీయాలని ఎవరికీ తోచలేదో, తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదో. లోపలికి అడుగు పెట్టగానే షబ్నం ఫోన్లో సిగ్నల్ పోయింది. నాలుగు వైపులా ఇనుమే. పంపు మాత్రం నడుస్తోంది. ఒక లాగు, ఒక వదులు. ఒక లాగు, ఒక వదులు. నిద్రపోయే మనిషి పక్కన నిలబడ్డట్టు ఉంది. చాప కూడా పరిచే ఉంది. మధ్యలో మనిషి ఆకారంలో చిన్న లోతు.

"ఆగదాండి ఇది?" అంది షబ్నం.

"ఆపితే మళ్లీ సర్దుకోడానికి రెండు రోజులు పడతదండి. అందుకని ఆపం," అంది జెన్నిఫర్. "ఆయన పోయినప్పుడూ ఆగలేదు."

యంత్రం తెర మీద జెన్నిఫర్ మొన్నటి తెల్లవారుజాము వెతికింది. మూడు గీతలు వచ్చాయి. పచ్చది బొగ్గుపులుసు వాయువు, మనుషులు వదిలే ఊపిరి అందులో గుట్టలాగా లేస్తుంది. నీలం మీథేన్. వరిపొలాలు, చేపల చెరువుల వల్ల ఇక్కడి గాలిలో ఎప్పుడూ ఉండేదే. ఎర్రది కార్బన్ మోనాక్సైడ్, పొగలో ఉండే విషం.

క్యాలిబ్రేషన్ మొదలైన చోటికి రాగానే జెన్నిఫర్ వేలు ఆగిపోయింది. నీలిగీత పాతాళానికి పడిపోయి ఉంది. ఈ భూమ్మీద బయట ఎక్కడ నిలబడినా అంత తక్కువ మీథేన్ ఉండదని ఆమె అంది. గది నైట్రోజన్‌తో నిండిపోయిందన్నమాట. దాని పైన పచ్చగీత మీద చిన్నచిన్న గుట్టలు, వరసగా. మొదట దగ్గర దగ్గరగా ఉన్నాయి. పోనుపోను దూరమయ్యాయి. ఒకటి చాలా ఎత్తుగా లేచింది. దాని తర్వాత మరొకటి వస్తుందేమోనని ఇద్దరూ తెలియకుండానే ఎదురుచూశారు. రాలేదు. గీత చదునుగా సాగిపోయింది.

జెన్నిఫర్ కళ్లు తుడుచుకుంది. "ఆఖరి ఊపిరి వరకు కొలిచిందండి ఇది. మేం దాన్ని చెత్తలో పడేశాం."

"ఇంకా జరపండి," అంది షబ్నం.

చదునుగా సాగిన గీతల్లో నీలిది ఉన్నట్టుండి నిలువునా పైకి లేచి, బయటి గాలి మట్టానికి వచ్చి ఆగింది. ఎవరో తలుపు బార్లా తెరిచారు. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత పచ్చగీత మీద మళ్లీ గుట్టలు.

ఆ గుట్టలు చిన్నవి కావు. నిండుగా, తీరిగ్గా ఉన్నాయి. చచ్చిపోయిన మనిషి మొహం మీదికి ఎవరో వంగి, పోయాడా లేదా అని చూస్తూ, హడావుడి లేకుండా ఊపిరి తీసుకున్నారు. వదిలారు. చాలాసేపు చూశారు. అంతేకాదు, పచ్చగుట్ట లేచిన ప్రతిసారీ కింద నీలిగీతా లేచింది, ఎర్రగీతా లేచింది. సుందరయ్య ఊపిర్లకి ఆ రెండూ లేవలేదు.

"ఊపిరిలో మీథేన్ ఏంటండి?" అంది షబ్నం.

జెన్నిఫర్ ఆ విషాదంలోనూ కొంచెం సిగ్గుపడింది. గొట్టాల జాయింట్లలో సందు ఉందేమో చూడాలంటే వాటి మీద ఊదుతారట. సందుంటే ఊపిరి లోపలికి పోయి పచ్చగీత లేస్తుంది. ఈ పని చేసేవాళ్లందరికీ అలవాటే. అలా ఊదినప్పుడు కొందరికి నీలిగీత కూడా లేస్తుంది. ముగ్గురు నలుగురిలో ఒకరికి పొట్టలో మీథేన్ పుడుతుంది, ఊపిరిలో బయటికొస్తుంది. జబ్బేమీ కాదు. కానీ ల్యాబ్‌లో ఎవరు కొత్తగా చేరినా మొదటిరోజు గొట్టంలో ఊదించి, నీలిగీత లేస్తే, మీథేన్ వదిలేది గేదెలు కాబట్టి, 'గేదె' అని పేరు పెట్టడం ఆనవాయితీ.

"ఫహీం గేదేనా?"

"కాదండి. వాడికి పచ్చ ఒక్కటే."

"మరి ఎవరు?"

జెన్నిఫర్ జవాబివ్వడానికి ముందు చాప వైపు చూసింది. "నేనే," అంది.

పంపు ఒకసారి లాగి వదిలింది. ఒంటరి గదిలో హంతకురాలి పక్కన నిలబడ్డానా అనుకుంది షబ్నం. అనుకుని, దాచకుండా అదే మాట పైకి అనేసింది. అయితే ఊది చూపించండి మేడమ్, అంది.

జెన్నిఫర్ స్పానర్ తీసుకుని జాయింటు విప్పింది. బయట కొత్త సిలిండర్లు వచ్చాయిగానీ మూసే ఉన్నాయి, భయం లేదని చెప్పింది. యంత్రాన్ని క్యాలిబ్రేషన్‌లో పెట్టి గొట్టం నోటి దగ్గరికి తెచ్చుకుని ఊదింది. పచ్చ లేచింది. నీలం లేచింది. ఎరుపు కదల్లేదు.

షబ్నం గుండె నిండా గాలి పీల్చుకుంది. "మీరు కాదు. ఆ మనిషి గేదే, పొగ తాగే మనిషి కూడా. రెండూ ఒకరే." ఒకరి అమాయకత్వం రుజువైనప్పుడు కలిగే సంతోషం గోరింటాకు పండినప్పటి సంతోషం లాంటిదే. ఆమెకు ఆ గదిలోనే గారెలు గుర్తొచ్చాయి. "సుందరయ్య గారికి ఎవరితో విరోధం?"

ఎవరితోనూ లేదని జెన్నిఫర్ అంది. తర్వాత తనే ఒక సంగతి చెప్పింది. పోయిన నెల ఒక తెల్లవారుజామున యంత్రం గాలిలో అమోనియా విపరీతంగా చూపించింది. అదే రోజు రేపల్లె పక్కన ఒక ఐస్ ఫ్యాక్టరీలో పనివాడు చనిపోయాడు. గుండెపోటన్నారు. గుండెపోటు కాదు, అమోనియా లీకు అని సుందరయ్య ఎక్కడైనా చెప్పడానికి సిద్ధపడ్డాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని ఈ సంస్థ ట్రస్టులో సభ్యుడు కూడా. వీరాస్వామి గారిని విచారణకు పిలిపించింది ఆయనే.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెలుతురు తగ్గింది.

* * *

వీరాస్వామి పోలీసు ఉద్యోగం వదిలినా పోలీసు నడక వదల్లేదు. తెల్లచొక్కా, నోట్లో యాలక్కాయ. సుందరయ్య చెప్పుల్ని కాలితో పక్కకి నెట్టి లోపలికొచ్చాడు. షబ్నం మొన్నటి గీతల్ని తెర మీదినుంచి తప్పించేసింది.

ఎవరి అనుమతితో వచ్చారని అతను అడిగాడు. ల్యాబ్ అధికారి తీసుకొచ్చిందని షబ్నం చెప్పింది. విచారణ అయిపోయిందనీ, ఇక మిగిలింది కాగితాలేననీ అతను అన్నాడు. అన్నాక ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"ఫ్రిజ్‌లు బాగుచేసేవాడి భార్యవంటగా. నీకెందుకమ్మా ఈ డిటెక్టివ్ పనులు?"

"ఇద్దరిదీ ఒకటే పనండి," అంది షబ్నం. "గ్యాసు ఎక్కడ లీకైందో వెతకడం."

అతను నవ్వాడు. నవ్వు కళ్లదాకా పోలేదు.

"ఈ గదికి మీరు మొదటిసారి ఎప్పుడొచ్చారు సార్?"

"శవాన్ని ఆస్పత్రికి పంపాక. సాయంత్రం. ఏం?"

"ఏం లేదండి. ఈ యంత్రం మనుషుల్ని ఊపిరితో గుర్తుపడుతుందని ఫహీం అంటున్నాడు. నాకు నమ్మకం లేదు. మేడమ్ ఊదారు, నేనూ ఊదుతాను. మీరూ ఊదితే అందరిదీ ఒకేలా ఉందని తేలిపోతుంది. నేను బండెక్కి ఇంటికి పోతాను, మీ రిపోర్టు మీకుంటుంది."

ముందు తను ఊదింది. పచ్చ ఒక్కటే లేచింది. వీరాస్వామి గొట్టం వైపు చిన్నపిల్లల బొమ్మను చూసినట్టు చూశాడు. తర్వాత అందుకుని, యాలక్కాయ బుగ్గన పెట్టుకుని, తీరిగ్గా ఊదాడు.

పచ్చగీత లేచింది. నీలం లేచింది. ఎరుపు లేచింది.

షబ్నం మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. కానీ జెన్నిఫర్ చెయ్యి తనపాటికి తాను కదిలింది. కొత్త కొలత రాగానే దాన్ని పాతదాని పక్కన పెట్టి చూడటం ఇరవై ఏళ్లుగా ఆమెకు అలవాటు. మొన్నటి గుట్టల్ని తెచ్చి ఇప్పటి గుట్ట పక్కన పెట్టేసింది. పెట్టేశాక గాని తనేం చేసిందో ఆమెకు తెలియలేదు.

ఆ రెండూ ఒకటేనని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. పైన తేదీ కూడా ఉంది.

వీరాస్వామి చాలాసేపు తెర చూశాడు. అదే తీరిక. తర్వాత బల్ల మీది స్పానర్ చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు తిప్పాడు.

"ఇది ఆఫీసుకి పోయిందా?" అన్నాడు.

"లేదండి," అంది జెన్నిఫర్. భయంలో నిజమే వచ్చింది. "క్యాలిబ్రేషన్‌లో ఉంది. పోదు."

"ఒక ఫోన్ చేసుకొస్తాను," అన్నాడతను. స్పానర్‌తో సహా బయటికి నడిచాడు. షబ్నం తలుపు వైపు దూకింది. ఒక్క అడుగు ఆలస్యమైంది. గడియ పడింది.

"అది మీరు విప్పిన జాయింటేనమ్మా," అంది వీరాస్వామి గొంతు ఇనుము అవతలినుంచి, ఏమీ జరగనట్టు. "నేను విప్పలేదు."

గది వెనక బోను తలుపు కిర్రుమంది. గోడ పైపులోంచి చల్లగా, వాసన లేకుండా గాలి తన్నుకొచ్చింది. షబ్నం చున్నీ ఉండచుట్టి పైపులో కుక్కింది. అది ఎగిరి చాప మీద పడింది. జాయింటు మళ్లీ బిగిద్దామంటే స్పానర్ లేదు, వేళ్లకు మర తిరగలేదు. తెర మీద నీలిగీత కిందికి దిగడం మొదలుపెట్టింది.

"అరవకండి మేడమ్. ఊపిరి దాచుకోండి," అంది షబ్నం. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఈ యంత్రానికి బయట సిగ్నల్ ఉంది కదా?"

"స్తంభం మీద యాంటెనా ఉంది. కానీ క్యాలిబ్రేషన్‌లో ఉన్నంతసేపు..."

"క్యాలిబ్రేషన్ కాదని చెప్పండి దానికి. ఇది బయటి గాలేనని అబద్ధం చెప్పండి."

జెన్నిఫర్‌కి అర్థమైంది. ఇరవై ఏళ్లలో ఒక్క కొలత కూడా తప్పు రాయని మనిషి, మొన్నటి కొలతల మీదా, ఇప్పటివాటి మీదా క్యాలిబ్రేషన్ అన్న గుర్తు తీసేసింది. మొన్నటి ఊపిర్లూ, ఇవాళ్టి ఊపిరీ, పడిపోతున్న నీలిగీతా అన్నీ బాపట్ల ఆఫీసు వైపు బయల్దేరాయి. ఫహీం దీన్నుంచి బయటపడతాడు, అనుకుంది షబ్నం. మనం లేకపోయినా బయటపడతాడు.

"గాలి ఇంత చెడ్డదని చూడగానే అలారం పోతుంది కదండి? ఎవరికి?"

"డ్యూటీ ఫోన్‌కి," అంది జెన్నిఫర్. గోడకు ఆనుకుని కిందికి జారుతోంది. "ఈ నెలంతా ఫహీం డ్యూటీ. వాడి ఫోన్..."

ఆమె మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయక్కర్లేకపోయింది.

గోడకు అవతల, మూరెడు దూరంలో, ఒక ఫోన్ మోగింది. వీరాస్వామి జేబులో, ఫహీం ఫోన్. కాసేపు మోగి ఆగింది. ఎవరో నొక్కి ఆపారు.

మళ్లీ మోగింది. మళ్లీ ఆపారు.

మూడోసారి మోగలేదు. గదిలో పంపు ఒక్కటే ఊపిరి తీసి వదులుతోంది.